మూఢంలోనే అప్‌డేట్

హన్మకొండ చౌరస్తాకు కొద్ది దూరంలో, ఒక సందు మలుపులో, నేను ఇరవై ఆరేళ్లుగా చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు స్వాగత ఫ్లెక్సీలు, వీటి నడుమ పొద్దంతా జిరాక్సులు, స్కానింగులు: ఇదే మా బతుకుదెరువు. మా పనికి ఋతువులు లేవు, ముహూర్తాలే ఉన్నాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే అన్నం తినడానికి తీరిక దొరకదు. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. ఈ సంగతి మా సందులో చాయ్ అమ్మే అతనికి తెలుసు, పంక్చర్లు వేసే అతనికి తెలుసు. మా కంప్యూటర్‌కు మాత్రం తెలియదు.

గత మాఘమాసంలో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తి కంప్యూటర్ ఆన్ చేయగానే, అప్‌డేట్ జరుగుతున్నదని, మధ్యలో ఆపవద్దని తెర మీద ఒక వాక్యమూ, దాని కింద ఎనిమిది శాతం అన్న అంకె కనిపించాయి. ముందురోజు రాత్రి మూసేటప్పుడు నేను దేనికీ అనుమతి ఇచ్చిన గుర్తు లేదు. అప్పటికే బల్ల ముందర ముగ్గురు నిలబడి ఉన్నారు. పరకాల నుంచి వచ్చిన ఒక తండ్రి, నోటుబుక్కు కాగితం మీద ఇరువైపుల పెద్దల పేర్లన్నీ రాసుకొని, సాయంత్రంలోగా కార్డు ప్రూఫ్ చూసుకొని ఊరికి పోవాలని వచ్చాడు. ఒక డిగ్రీ విద్యార్థిని తన కుల ధ్రువీకరణ పత్రాన్ని స్కాన్ చేయించి దరఖాస్తుకు జతచేయాలి. ఆ రోజే ఆఖరు తేదీ. మూడో మనిషికి ఆధార్ కార్డు రెండు వైపులా ఒకే కాగితం మీద కావాలి. శాతాల అంకె యాభై దగ్గర ఎంతసేపు నిలిచిపోయిందంటే, పరకాల పెద్దమనిషి ఉండబట్టలేక, "సారూ, ఇది నడుస్తున్నదా, పండుకున్నదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. దుకాణం నాదే, యంత్రం నాదే, కరెంటు బిల్లు కట్టేదీ నేనే. అయినా ఆ యాభై నిమిషాలు నేను కూడా వాళ్లతో పాటు వరుసలో నిలబడ్డ నాలుగో మనిషినే.

అసలు చిక్కు యంత్రం లేచిన తరువాత మొదలైంది. ఆ రాత్రే స్కానింగు ప్రోగ్రాము కూడా తన రూపం మార్చుకున్నది. పాత రూపంలో తెర మీద నాలుగు పెద్ద గడులు ఉండేవి; నలుపు తెలుపు, రంగు, ఫొటో, పీడీఎఫ్ అని వాటి మీద రాసి ఉండేది. కావలసిన గడిని నొక్కాలి, స్కాన్ అనాలి, పేరు పెట్టి దాచాలి. మూడే నొక్కులు. కొత్త రూపం మొదట స్వాగతం పలికింది. తరువాత ఖాతా తెరిచి లోపలికి రమ్మన్నది. వద్దనుకునేవారి కోసం "తరువాత చేస్తాను" అన్న మాట అట్టడుగున, బూడిదరంగు సన్నటి అక్షరాలలో, దొరకకూడదన్నట్టుగా ఉన్నది. దాన్ని పట్టుకొని నొక్కితే తన కొత్త హంగుల గురించి మూడు పేజీలు ఒకదాని తరువాత ఒకటి చూపించింది. ఆ తరువాత స్కాన్ తెర వచ్చింది కాని, అందులో నాలుగు గడులు లేవు. మూడు చుక్కల గుర్తు ఒకటి ఉన్నది. రంగు, కాగితం కొలత, ఫైలు రకం అన్నీ ఆ మూడు చుక్కల వెనుకకు పోయాయి. స్కాన్ పూర్తయ్యాక దాన్ని నా ఫోల్డర్లో కాకుండా క్లౌడ్‌లో దాస్తానన్నది. అది కూడా వద్దని చెప్పి, మళ్లీ ఫోల్డరు వెతికి, పేరు పెట్టి, ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించాను.

అరగంటలో ఆమె తిరిగి వచ్చింది. పత్రంలో అడుగు వరుస లేదని చెప్పింది. చూస్తే నిజమే. అప్‌డేట్ వేళ కాగితం కొలత ఏ4 నుంచి లెటర్‌కు మారిపోయింది. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అమెరికాలో వాడే లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు. అంటే అడుగున 18 మిల్లీమీటర్లు తెగిపోతాయి. వేలెడంత కూడా లేని ఆ జాగాలోనే మన పత్రాల మీద సంతకాలు, ముద్రలు, నంబర్లు ఉంటాయి. ఈ ఇరవై ఆరేళ్లలో లెటర్ కొలత కాగితం రీము ఒక్కటి కూడా నా దుకాణం గడప తొక్కలేదు. ఆఖరు తేదీ కనుక ఆ అమ్మాయి ముఖంలో కంగారు చూసి నాకు సిగ్గనిపించింది. తప్పు నా చేతిది కాకపోయినా, పని నా చేతి మీదుగా పోయింది.

మా దుకాణంలో పనిచేసే కుర్రవాడికి ఇరవై రెండేళ్లు. కొత్తదాన్ని చూసి భయపడే వయసు కాదు, పైగా నాకంటే చురుకైనవాడు. అతను ఆ తెరను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, కొత్తది మంచిగనే ఉన్నది గని, పాతది ఏడ పెట్టిండ్రు?" అన్నాడు. నేను ఆ వారమంతా లెక్కపెట్టాను. పరిచయం పేజీలు పోయిన తరువాత కూడా ఒక్కో స్కానుకు తొమ్మిది నొక్కులు పడుతున్నాయి. రోజుకు అరవై స్కాన్లనుకుంటే మూడు వందల అరవై నొక్కులు ఎక్కువ. ఎవరికీ ఏమీ అదనంగా దక్కని మూడు వందల అరవై నొక్కులు.

ఇది ముసలితనపు సణుగుడు కాదా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. కాదనడానికి నాకొక పాత సాక్ష్యం ఉన్నది. నేను పని నేర్చుకున్నది వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక లెటర్ ప్రెస్సులో. అక్కడ ఒక పెద్ద కంపోజిటర్ ఉండేవారు. ఆయన ముందు ఏటవాలు బల్ల మీద చెక్క కేసులు, వాటిలో గడులు, గడుల్లో సీసపు అక్షరాలు. ఇంగ్లీషు కంపోజింగుకు పెద్దక్షరాలకు పై కేసు, చిన్నక్షరాలకు కింది కేసు సరిపోతాయి. నేటికీ అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటున్నామంటే ఆ చెక్కపెట్టెల పేర్లే. తెలుగుకు అట్లా కుదరదు. గుణింతాలకు వేరు, వత్తులకు వేరు, మన లిపికి కావలసిన గడుల లెక్క ఎన్నో రెట్లు. ఆయన కళ్లు వ్రాతప్రతి మీద ఉండేవి, ఎడమచేతిలో అక్షరాలను వరుసగా పేర్చే స్టిక్కు ఉండేది, కుడిచేయి తనంతట తానే గడుల మీద తిరిగి అక్షరం తెచ్చేది. చూసి ఏరుకునేవాడు కంపోజిటర్ కాడని, చూడకుండా ఏరేవాడే కంపోజిటర్ అని ఆ ప్రెస్సులో అందరికీ తెలుసు.

అచ్చు అయిపోయాక టైపును కిరోసిన్‌తో కడిగి, ఏ అక్షరాన్ని ఆ గడిలో తిరిగి వేయాలి. నాకు అప్పగించిన మొదటి పని అదే. ఒకసారి తొందరలో కొన్ని "ప"లను "వ" గడిలో పడేశాను. మరునాడు ఒక పెళ్లి కార్డు ప్రూఫ్‌లో వరుడు పరుడయ్యాడు. ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. స్టిక్కు కింద పెట్టి, గడి మొత్తం బోర్లించి, మళ్లీ ఒక్కొక్కటే ఏరి వేయమన్నారు. గడిలో ఉండవలసినది గడిలో ఉంటుందన్న నమ్మకం మీద ఆయన చేయి నడిచేది. ఆ నమ్మకం పోతే ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా, నాలాగే చూసి ఏరుకోవలసి వచ్చేది. ఇక రాత్రికి రాత్రి ఎవరో వచ్చి, చూడడానికి ముచ్చటగా ఉంటుందని కేసులన్నీ తిరిగి సర్ది, అరుదుగా వాడే గడులను బల్ల కింద పెట్టి పోయారనుకోండి. అట్లాంటివాడిని ప్రెస్సులోకి మళ్లీ రానిచ్చేవారు కాదు.

ఈనాటి కీబోర్డు కూడా అటువంటి కేసే. మా డీటీపీ పనిలో ఇప్పటికీ చాలామంది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాములో, అను అనే తెలుగు ఫాంట్లతోనే మ్యాటర్ కొడతారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తరువాత మరో పెద్ద రూపం రాలేదు, దాన్ని తయారుచేసిన అడోబీ తన శ్రద్ధనంతా ఇన్‌డిజైన్ అనే మరో ప్రోగ్రాము వైపు మళ్లించింది. చిత్రమేమిటంటే, కన్నవారు వదిలేసిన ఆ ప్రోగ్రామే మాకు అన్నం పెడుతున్నది. దాన్ని ఎవరూ బాగు చేయరు కనుక ఎవరూ పాడు చేయరు. అందులో నేను ఎక్కడ నొక్కితే ఏది వస్తుందో ఈ రోజుకీ అదే వస్తుంది. అట్లాగని అది స్వర్గమని చెప్పను. ఏ ఫోనులోనైనా తెలుగు ఒకేలా కనిపించడానికి వాడే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అందులో కొట్టిన శుభలేఖ మ్యాటరును వాట్సాప్‌లో పంపితే అవతలివారికి పిచ్చిగీతలు కనిపిస్తాయి. అందుకని ఒకే మ్యాటరును రెండుసార్లు కొట్టవలసిన రోజులు ఎన్నో ఉన్నాయి. మార్పు అవసరం లేదనే వాదన నాది కాదు. ఏ మార్పు ఎవరి అవసరానికి వచ్చిందన్నదే నా ప్రశ్న.

పెద్ద కంపెనీల చరిత్రలో కూడా ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007 వచ్చినప్పుడు వర్డ్, ఎక్సెల్‌లలో పైనుండే పాత మెనూలు పోయి, రిబ్బన్ అనే వెడల్పాటి పట్టీ వచ్చింది. ఫైల్ అన్న మాట స్థానంలో ఒక గుండ్రటి బొమ్మ పెట్టారు. అది నొక్కవలసిన బటన్ అని తెలియక ప్రింటు ఎక్కడున్నదని వెతికినవాళ్లు మా వీధిలోనే ఎందరో. ఆ మాట ఆఫీస్ 2010లో తిరిగి వచ్చింది. అయితే రిబ్బన్‌కు ఒక కారణం ఉన్నదని ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి చేర్చుకుంటూ పోయిన సౌకర్యాలతో మెనూలు అడవి అయిపోయాయి. జనం కొత్తగా కావాలని అడిగేవాటిలో చాలా భాగం అప్పటికే వర్డ్‌లో ఉన్నాయి, ఎవరికీ దొరకడం లేదంతే. వెతికేవాళ్లకు దొరికేటట్లు చేయడం మంచి ఉద్దేశమే. ఇంకొక మంచి పని కూడా వాళ్లు చేశారు, దాన్ని ఎవరూ పెద్దగా మెచ్చుకోలేదు: పాత మెనూల కోసం వేళ్లకు అలవాటైన కీబోర్డు దారులను చాలావరకు అట్లాగే ఉంచారు. ఎక్సెల్‌లో ఆల్ట్, ఈ, ఎస్ వరుసగా నొక్కితే పేస్ట్ స్పెషల్ ఇప్పటికీ తెరుచుకుంటుంది. ఆ ఎడిట్ మెనూ కనుమరుగై ఇన్నేళ్లయినా దాని దారి మాత్రం మిగిలే ఉన్నది. అంటే, చేతుల జ్ఞాపకాన్ని గౌరవిస్తూనే ముఖం మార్చవచ్చునని వాళ్లకు తెలుసు.

తెలిసి కూడా 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8లో స్టార్ట్ బటన్‌ను తీసేశారు. వేలితో తాకే తెరలను దృష్టిలో పెట్టుకొని చేసిన ఆ రూపం, బల్ల మీద మౌసుతో పనిచేసే కోట్లమంది మీద కూడా పడింది. ఏడాది తిరగకముందే, 2013 అక్టోబరులో, విండోస్ 8.1తో ఆ బటన్ తిరిగి వచ్చింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11లో రైట్ క్లిక్కు జాబితాను కుదించి, మిగిలినవాటిని "మరిన్ని చూపు" అన్న ఇంకో మెట్టు వెనుకకు నెట్టారు. కట్, కాపీ, పేస్ట్ అన్న మాటలు తీసేసి ఉత్త బొమ్మలు పెట్టారు. తరువాత వచ్చిన ఒక అప్‌డేట్‌లో ఆ బొమ్మల కింద మాటలను మళ్లీ రాశారు. తెరిచిన కిటికీల పేర్లు అడుగు పట్టీలో విడివిడిగా కనిపించే ఏర్పాటును తీసేసి, రెండేళ్లకు తిరిగి ఇచ్చారు. తిరిగి ఇచ్చిన ప్రతిసారీ దాన్ని కొత్త సౌకర్యంగానే ప్రకటించారు. మన ఇంటి బిందెను తీసుకుపోయి, రెండేళ్లకు తెచ్చి కానుకగా ఇస్తే ఏమనాలో నాకు తోచడం లేదు.

ఎందుకిట్లా జరుగుతుందన్నదానికి నా వరకు నాకు తోచిన కారణం, అమ్మకపు పద్ధతి మారడం. ఒకప్పుడు ప్రోగ్రాము డబ్బాలో వచ్చేది. కొత్త రూపం వచ్చిందంటే, దాన్ని తయారుచేసినవారు మనల్ని ఒప్పించాలి. పాతదానికంటే ఇది ఎందుకు మేలో చెప్పి, మన చేత డబ్బు పెట్టించాలి. నచ్చకపోతే కొనకుండా ఊరుకునేవాళ్లం. నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియో ఆయన ఫొటోషాప్‌లో రెండు రూపాలు దాటవేసి మూడోది కొనేవాడు. ఆ దాటవేయడమే వాడేవాడి చేతిలోని ఓటు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2012లో సీఎస్6 అనే రూపాన్ని తీసుకొచ్చిన తరువాత, 2013 నుంచి చందా పద్ధతికి మారింది. క్రమంగా మిగిలినవారు కూడా అదే దారి పట్టారు. చందా కట్టేవాడిని ఒప్పించవలసిన పని లేదు. కొత్త రూపం మనల్ని అడిగి రాదు, వచ్చి కూర్చుంటుంది. అయితే నెల నెలా డబ్బు తీసుకుంటున్నందుకు ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి కదా. లోపల చేసిన మంచి మరమ్మతు ఎవరికీ కనిపించదు. గోడల రంగు మారిస్తే అందరికీ కనిపిస్తుంది.

ఇంకొక కారణం కూడా ఉండవచ్చునని అనిపిస్తుంది. కొత్త తెరను పరీక్షించేటప్పుడు దాన్ని మొదటిసారి చూసేవాడికి తికమక లేకుండా ఉన్నదా అని చూస్తారు. అదే పనిని పదిహేనేళ్లుగా రోజుకు అరవైసార్లు చేస్తున్నవాడు ఆ గదిలో ఉండడు. మొదటిసారి వచ్చినవాడికి మూడు చుక్కలు శుభ్రంగా కనిపిస్తాయి. అరవై ఒకటోసారి చేసేవాడికి అవి అడ్డుగోడ.

అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో ఉంటుంది. చదువుకోలేదు. స్మార్ట్‌ఫోను కొనిచ్చినప్పుడు ఆమెకు నేను నేర్పింది రెండే: ఫోను మోగితే పచ్చటి గుండ్రాన్ని పైకి గుంజాలి, నాకు ఫోను చేయాలంటే నా ఫొటోను నొక్కాలి. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒక వారం ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మా చిన్నాన్న కొడుకును ఇంటికి పంపిస్తే, అమ్మ ఫోను చేతిలోనే పట్టుకొని కూర్చున్నదట. ఆ తెర రాత్రికి రాత్రి మారిపోయింది. పైకి గుంజితే ఎత్తే కాల్ ఇప్పుడు పక్కకు జరిపితే ఎత్తుతుంది. తమ్ముడి ఫోను నుంచి మాట్లాడుతూ, "బిడ్డా, అది ఎటు గుంజినా లేస్తలేదు. నాకే చాతనైతలేదు కావచ్చు" అన్నది. పొలం, పశువులు, నలుగురు పిల్లలు, ఇన్ని సంభాళించిన మనిషి నోటి వెంట, ఒక బొమ్మను అటు నుంచి ఇటు జరిపినందుకు, తనకు చేతకాదన్న మాట వచ్చింది. దుకాణంలో నేను పడ్డ మూడు వందల అరవై నొక్కుల బాధ ఆ మాట ముందు ఏ పాటిది? ఆదివారం ఊరికి పోయి, ఆ ఫోను సెట్టింగుల్లో వెతికి, ఒక్కసారి తాకితే కాల్ ఎత్తే ఏర్పాటు పెట్టి వచ్చాను. అది ఇప్పటికైతే పనిచేస్తున్నది.

ఇంత చెప్పిన తరువాత, అప్‌డేట్లను మొత్తంగా ఆపేయమని ఎవరికైనా సలహా ఇస్తానా అంటే, ఇవ్వను. 2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలలు వాయిదా వేసినవాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. మన తెలుగుకే సంబంధించిన ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగింది: జ్ఞా అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పుతో పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. అక్షరాభ్యాసమైన పిల్లవాడికి కూడా తెలిసిన అక్షరం అంత ఖరీదైన ఫోన్లను పడేసిందని అప్పట్లో మా దుకాణంలో నవ్వుకున్నాం. ఆపిల్ ఆ నెల 19న ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌కు 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఆ అప్‌డేట్ ఏ బటన్‌నూ కదిలించలేదు. ఎక్కడ బొక్క పడిందో అక్కడ మాట్లు వేసి పోయింది.

నా ఫిర్యాదంతా ఇక్కడే ఉన్నది. తాళం బాగుచేయడం వేరు, గడపను పడమటి నుంచి ఉత్తరానికి మార్చడం వేరు. మొదటిది అత్యవసరం, దాన్ని ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. రెండోది యజమాని తీరిక చూసుకొని, అతన్ని అడిగి చేయవలసిన పని. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి, రెండోది వద్దన్నవాడికి మొదటిది కూడా దక్కకుండా చేయడంతో, జనం విసిగి మొత్తం అప్‌డేట్లనే ఆపేసుకుంటున్నారు. మా సందులోనే అట్లా ఆపేసిన యంత్రాలు నాలుగైదు నాకు తెలుసు. వాటి యజమానులు అజ్ఞానులు కారు. ఒకసారి ముహూర్తాల కాలంలో దెబ్బతిన్నవాళ్లు.

విడదీయడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను. మైక్రోసాఫ్ట్ తానే ఎల్‌టీఎస్‌సీ అనే విండోస్ రూపాన్ని తయారుచేస్తుంది. ఏటీఎంలు, ఆసుపత్రి పరికరాలు వంటివాటి కోసం ఉద్దేశించిన ఆ రూపానికి ఏళ్ల తరబడి రక్షణ మరమ్మతులు వస్తూనే ఉంటాయి, ముఖం మాత్రం మారదు. ఏటీఎంకు తెర మారితే ఇబ్బందని వాళ్లకు తెలుసు. అది పెద్ద సంస్థలకు అమ్మే సరుకు. ఒక్క యంత్రం పెట్టుకున్న డీటీపీ దుకాణం కోసం కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2012 నుంచి ఈఎస్‌ఆర్ అనే నిలకడ రూపాన్ని ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నది. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు, ఎల్‌టీఎస్ అనే తన నిలకడ రూపాలకు అయిదేళ్లపాటు మరమ్మతులు చేస్తుంది. వర్డ్, ఎక్సెల్ వంటి పనులే చేసే ఉచిత లిబ్రేఆఫీస్‌లో పాత మెనూలు కావాలో, రిబ్బన్ వంటి పట్టీ కావాలో వాడేవాడే ఎంచుకోవచ్చు. ఇంగ్లీషు వికీపీడియా 2023 జనవరిలో కొత్త ముఖానికి మారినప్పుడు కూడా, ఖాతా ఉన్నవారు అభిరుచుల పేజీకి పోయి పాత ముఖాన్ని తిరిగి పెట్టుకునే వీలు ఉంచారు. డబ్బు అడగనివాళ్లు ఇస్తున్న ఈ సౌకర్యాన్ని డబ్బు తీసుకునేవాళ్లు ఇవ్వలేకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ఇక నేను చేసుకున్న ఏర్పాట్లు. దుకాణంలో పాత కంప్యూటర్ ఒకటి ఉంటే, దాని నెట్ కేబుల్ పీకేసి, పేజ్‌మేకర్ పనంతా దానికే అప్పగించాను. బయటి పెన్‌డ్రైవ్ ఏదీ నేరుగా దానికి పెట్టనివ్వను; ముందు కొత్త కంప్యూటర్‌లో పరీక్షించి, మా సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే అందులో వేస్తాం. కుర్రవాడు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, దాని అట్ట మీద "ఏది ఎక్కడికి పోయింది" అని రాశాడు. ప్రతి అప్‌డేట్ తరువాత తేదీ వేసి, ఏ పని ఏ చుక్కల వెనుకకు పోయిందో, దాన్ని ఏ వరుసలో నొక్కితే దొరుకుతుందో అందులో రాస్తాడు. మొదట్లో నేను నవ్వాను కాని, ఇప్పుడు పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి దాన్ని తిరగేసి పోతున్నారు. ఆధార్ రెండు వైపుల స్కానుకు పద్నాలుగో పేజీ.

మూడో ఏర్పాటు పంచాంగం. కొత్త కంప్యూటర్‌లో అప్‌డేట్లను ఒకేసారి అయిదు వారాలకు మించి వాయిదా వేయడానికి వీలు లేదు. వాయిదా గడువు తీరితే ఒకసారి తప్పనిసరిగా వేయించుకోవాలి, అప్పుడే మళ్లీ వాయిదా దొరుకుతుంది. అయిదు వారాలంటే తక్కువేమీ కాదు, లెక్క చూసుకొని వాడుకుంటే. అందుకని గోడకు వేలాడే పంచాంగంలో ముహూర్తాలు లేని రోజులకు పెన్సిలుతో గీత గీసి, గడువు ఆ గీతల మధ్య తీరేటట్లు వెనుక నుంచి లెక్కపెట్టి వాయిదా నొక్కుతున్నాను. ఆషాఢంలో తెలంగాణలో ఎవరూ పెళ్లి చేయరు కనుక, పెద్ద అప్‌డేట్ ఏదైనా ఉంటే ఆ నెలకు తోస్తాను.

మొన్న మా వీధి పంతులుగారు ఒక ఉపనయనం కార్డు ప్రూఫ్ చూడడానికి వచ్చారు. పనిలో పనిగా, రాబోయే మూఢం ఏ తేదీన మొదలవుతుందో ఖాయంగా చెప్పమని అడిగాను. ఆయన నా ముఖం కేసి అనుమానంగా చూసి, "ఎందుకయ్యా, ఏమన్న శుభకార్యం పెట్టుకున్నవా?" అన్నారు. కంప్యూటర్‌కు అప్‌డేట్ వేయించాలని చెప్పాను. "మూఢంల కొత్త పనులు మొదలుపెట్టరాదు గద" అన్నారు ఆయన, నిజంగానే ఆలోచిస్తూ.

"కొత్త పని కాదు పంతులుగారూ, పాత పనినే మళ్లీ నేర్చుకోవడం" అన్నాను.

ఆయన నవ్వి, తేదీ చెప్పి, లేవబోతూ ఏదో గుర్తొచ్చినట్టు సంచిలోంచి తన ఆధార్ కార్డు తీశారు. రెండు వైపులా ఒకే కాగితం మీద కావాలట. కుర్రవాడు నోటుబుక్కు అందుకొని పద్నాలుగో పేజీ తెరిచాడు.